పాప పెళ్లి

మిర్చి కొట్లో కంప్యూటరు బతకడం కష్టం. లోపలి ఫ్యాను గాలి పీల్చినప్పుడల్లా ఎర్రటి మిరప దుమ్ము కూడా లోపలికి పోతుంది. గుంటూరు యార్డులో కొత్తగా అడుగుపెట్టిన మనిషి అయిదు నిమిషాల్లో తుమ్ముతాడు. కంప్యూటరైతే అయిదు నెలల్లో మూలన పడుతుంది. అయినా ఈ కథలోని కంప్యూటరు ఒక కమీషన్ కొట్లో ఎనిమిదేళ్లు బతికింది. ఆ పుణ్యం గుమస్తాది. పొద్దున్నే కొట్టు తెరవగానే పెయింటు బ్రష్షుతో దాన్ని దులిపేవాడు. రాత్రి కొట్టు కట్టేసేముందు తన తువ్వాలు దానిమీద కప్పి, తను ఉత్త భుజంతో ఇంటికి పోయేవాడు.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. ఆ కంప్యూటరూ అప్పుడే వచ్చింది. ఇక చేతిరాత లెక్కలు కుదరవని ఆడిటరు తెగేసి చెప్పాడు. అప్పటిదాకా ఎర్ర అట్టల చిట్టా, ఆవర్జాలతోనే నడిచిన కొట్టు అది. యాభై దాటిన గుమస్తా మీటల మీద అక్షరాలు వెతుక్కుంటూ టాలీ నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక షావుకారు రెండో పాఠం తనే చెప్పాడు. టాలీలో ఒక కంపెనీ తెరిస్తే చాలదు, రెండు తెరవాలి. మొదటిది కొట్టు పేరు మీద, ఆడిటరుకు చూపించడానికి. రెండోదానికి షావుకారు ‘పాప పెళ్లి’ అని పేరు పెట్టాడు. ఎవరైనా తొంగిచూసినా ఇంటి ఖర్చులనుకుని వదిలేస్తారని ఆయన ఉపాయం.

షావుకారుకు ఇద్దరూ కొడుకులే.

ఆ రెండో కంపెనీ అవసరం ఏమిటో తెలియాలంటే కాటా దగ్గరికి వెళ్లాలి. గుంటూరు యార్డు ఎండుమిర్చికి ఆసియాలోనే పెద్దదని పేరు. సీజన్‌లో రోజుకు లక్ష టిక్కీలు దాటి దిగుతాయి. టిక్కీ అంటే నలభై నుంచి నలభై అయిదు కిలోల కాయ కుక్కిన గోనెసంచి. దర్శి నుంచో, త్రిపురాంతకం నుంచో రైతు సాయంత్రమే లారీ ఎక్కుతాడు. టిక్కీల మీదే ఒరిగి, ఘాటుకు కళ్లు మండుతూ, తెల్లారేసరికి యార్డులో దిగుతాడు. కొనేవాడు సంచి మూతి విప్పి గుప్పెడు కాయ తీస్తాడు. తొడిమ చూస్తాడు, రంగు చూస్తాడు, కాయ విరిచి తేమ చూస్తాడు, తాలు ఎంత కలిసిందో చూస్తాడు. అప్పుడు రేటు చెబుతాడు. తేజ రకానికి ఒకటి, 334 రకానికి ఒకటి, తాలుకు ఒకటి. రైతు ప్రాణమంతా ఆ రేటు మీదే ఉంటుంది. రేటు తెగిందా, యుద్ధం అయిపోయిందనుకుని ఓ మూల కూలబడి బీడీ ముట్టిస్తాడు.

అసలు యుద్ధం ఆ తర్వాత మొదలవుతుందని ఈ కొట్టుకొచ్చే రైతుకు తెలియదు. హమాలీ టిక్కీని కాటా మీద పెడతాడు. 44 కిలోలు పడుతుంది. గుమస్తా ‘నలభై రెండున్నరా’ అని పాడతాడు. హమాలీ టిక్కీ దించేస్తాడు. గొంతు గుమస్తాది, అంకె షావుకారుది. కాయ కొన్న వ్యాపారికి 44 లెక్కన బిల్లు. రైతుకు 42.5 లెక్కన పట్టీ. నడుమ మిగిలిన కిలోన్నర ‘పాప పెళ్లి’కి.

ఇందులో ఒక చిక్కుంది. అబద్ధం ఆడేవాడికి నిజం కూడా గుర్తుండాలి. ఎవరికి ఎంత పాడామో, అసలు ఎంత పడిందో రెండూ రాసుకోకపోతే సాయంత్రానికి బిల్లులు కుదరవు. అందుకని ప్రతి రైతుకూ ఒక చీటీ. ఎడమవైపు కాటా, కుడివైపు పట్టీ. పైన రైతు పేరు, ఊరు, తేదీ, రకం, రేటు. సాయంత్రం దీపం పెట్టే వేళకు గుమస్తా ఆ చీటీలు ముందేసుకుని కుడివైపు అంకెల్ని మొదటి కంపెనీలోకీ, తేడాని రెండోదాంట్లోకీ ఎక్కించేవాడు. ఎక్కించాక చీటీల్ని ఊరి వారీగా కట్టలు కట్టి, పైన ఊరి పేరు రాసి, పురికొసతో బిగించేవాడు. అది పాతకాలపు గుమస్తాల అలవాటు, ఓ పట్టాన పోదు.

ఆ కట్టలకు ఒక బీరువా కావాలని ఒకసారి అడిగాడు. షావుకారు నవ్వాడు.

“బీరువా ఎందుకయ్యా? కంప్యూటర్లోకి ఎక్కాక కాగితం చిత్తే. అటక మీద పడెయ్యి. పాత కాగితం రేటు పెరిగాక తూకానికేద్దాం.”

ఏసీ గోదాములో దాచిన కాయకైనా, అటక మీది కాగితానికైనా రేటు వచ్చేదాకా ఆగడం ఆయన పద్ధతి. పాత కాగితం రేటు ఆయన అనుకున్నంత ఎప్పుడూ పెరగలేదు. కట్టలు మాత్రం పెరిగాయి.

అలా ఎనిమిదేళ్లు గడిచాయి. మధ్యలో కరోనా వచ్చింది. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి పూతనంతా నాకేసింది. ఎకరానికి పాతిక క్వింటాళ్లు పండే చేలల్లో నాలుగైదు క్వింటాళ్లు దక్కడమే గగనమైంది. ఆ ఏడు రేటు మాత్రం బాగా పలికింది. కాయ ఉన్నప్పుడు రేటుండదు, రేటున్నప్పుడు కాయ ఉండదు అని రైతులు నుదురు కొట్టుకున్నారు. ఆ ఏడు కూడా గుమస్తా గొంతు మారలేదు. ఒకటి రెండుసార్లు కాటా దగ్గర తడబడితే, షావుకారు వెనకనుంచి దగ్గాడు.

2025కి రేట్లు మళ్లీ కూలబడ్డాయి. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చింది. ఆ ఏడు అక్టోబరులోనే ఆడిటరు ఇంకో కబురు తెచ్చాడు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆపేసింది. పేరు నమోదు చేసుకుంటే మరో ఏడాది భద్రతా అప్‌డేట్లు వస్తాయి, అంతే. విండోస్ 11 వేద్దామంటే 2017 నాటి ప్రాసెసరు దానికి సరిపోదు. జీఎస్టీ, బ్యాంకు పనులన్నీ దాంట్లోనే చేస్తూ పాతదాన్ని నమ్ముకుంటే ఎప్పుడో కొంప మునుగుతుందన్నాడు.

కొంప అనే మాట షావుకారు మీద బాగా పనిచేసింది. దీపావళికి కొత్త ఖాతా పుస్తకం తెరిచే ఆనవాయితీ ఎలాగూ ఉంది. ఈసారి కొత్త కంప్యూటరుకే పసుపు రాసి బొట్టు పెట్టించాడు. పూజ అయ్యాక గుమస్తా చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

“దీపావళి మామూలు...”

“చూస్తున్నావుగా రేట్లు,” అన్నాడు షావుకారు.

ఇక మిగిలింది పాత కంప్యూటరు. అమ్మితే పదివేలు రావచ్చు. కానీ అందులో ‘పాప పెళ్లి’ ఉంది. ఎనిమిదేళ్ల పెళ్లి. కావలసిన లెక్కలన్నీ కొత్తదాంట్లోకి మార్పించాక, ఒక ఆదివారం షావుకారు ఒక్కడే కొట్టుకొచ్చి, కొడుకు ఫోనులో చెబుతుంటే ఆ ఫోల్డరు డిలీట్ చేశాడు. రీసైకిల్ బిన్ ఖాళీ చేశాడు. అయినా మనసు ఊరుకోక, లెక్కలున్న డ్రైవు మొత్తాన్నీ ఫార్మాట్ కూడా కొట్టాడు. అది పది సెకన్లలో అయిపోయింది. ఎనిమిదేళ్ల పాపం పది సెకన్లలో కడుక్కుపోవడం ఆయనకే నమ్మబుద్ధి కాలేదు. మర్నాడు బ్రాడీపేట నుంచి సర్వీసాయన్ని పిలిపించాడు.

సర్వీసాయన డబ్బా మూత విప్పి ముందు నాలుగుసార్లు తుమ్మాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, పెన్‌డ్రైవులోంచి ఏదో రికవరీ సాఫ్ట్‌వేరు నడిపి, టీ తెప్పించమన్నాడు. టీ తాగేలోగా తెరమీద ఫోల్డర్ల వరస దిగడం మొదలైంది. టాలీలో కంపెనీకి ఏ పేరు పెట్టినా డిస్కులో అది అయిదంకెల నంబరుతో ఫోల్డరుగా కూర్చుంటుంది. సర్వీసాయన ఆ నంబరు ఫోల్డరును టాలీలో తెరిచాడు. ‘పాప పెళ్లి’ అని పైన పడింది.

“పాప పెళ్లి బాగా ఘనంగా చేశారు,” అన్నాడు కింద మొత్తం చూసి.

షావుకారు చెయ్యి వణికి టీ గ్లాసు ఒలికింది. “డిలీట్ చేశాను గదయ్యా! ఫార్మాట్ కూడా చేశాను!”

“యార్డు రిజిస్టర్లో దిగుమతి రాసిన పేజీ చింపేస్తే షెడ్డులో టిక్కీలు మాయమైపోతాయా? డిలీట్ అంటే అంతే. ఆ ఫైలు ఫలానా చోట ఉందని రాసుకున్న జాబితాలో దాని పేరు కొట్టేస్తుంది. ఈ చోటు ఖాళీ, కావాలంటే వాడుకోవచ్చు అని గుర్తు పెట్టుకుంటుంది. దానిమీద ఇంకోటి వచ్చి పడేదాకా పాతది అక్కడే ఉంటుంది. మీరు కొట్టింది క్విక్ ఫార్మాట్. అది కొత్త జాబితా పుస్తకం తెరుస్తుంది, షెడ్డు మాత్రం ఊడవదు.”

ఆయనకు చెప్పే అలవాటున్నట్టుంది, ఆగలేదు. అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు ఇద్దరు, సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాత్ అనేవాళ్లు 2000 నవంబరు నుంచి దాదాపు రెండేళ్లపాటు సెకండ్‌హ్యాండు డిస్కులు 158 కొని చూశారట. పనిచేసినవి 129. అందులో సరిగ్గా తుడిచి అమ్మినవి 12. మిగతావాటిలో అయిదు వేలకు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు దొరికాయి. ఒక డిస్కైతే ఏటీఎంలోంచి ఊడదీసింది. ఆ సంగతి 2003లో అచ్చయింది.

“అందరూ పారేశామనుకున్నారు. ఎవరూ పారెయ్యలేదు,” అన్నాడు సర్వీసాయన.

తలుపు దగ్గర నిలబడ్డ గుమస్తా ఆ మాటకు తలెత్తి చూశాడు.

“మరి దారేంది?” అన్నాడు షావుకారు.

“డిస్కు ఈ చివరనుంచి ఆ చివరదాకా సున్నాలతో నింపెయ్యాలి. ఖాళీ అన్న చోటు కూడా వదలకుండా. ఆపైన విండోస్ కొత్తగా వేస్తాను. విండోస్‌లోనే రీసెట్ అని ఉంటుంది, అన్నీ తీసెయ్, డ్రైవు శుభ్రం చెయ్ అని రెండూ ఎంచుకుంటే ఇంట్లో వాడే మిషన్లకు చాలు. మీ పెళ్లికి మాత్రం నేను విడిగా తుడుస్తాను. ఇది పాతకాలపు తిరిగే డిస్కు కాబట్టి సున్నాలు పనిచేస్తాయి. కొత్తదాంట్లో ఉన్నది ఎస్‌ఎస్‌డీ. దాంట్లో రాత ఎక్కడ పడుతుందో అది తనే సర్దుకుంటుంది, పైనుంచి రాస్తే మూలమూలలు మిగిలిపోవచ్చు. దానికి కంపెనీ ఇచ్చే చెరుపుడు ఆజ్ఞ వేరే ఉంటుంది. అది అమ్మేనాడు చూద్దాం.”

“ఎన్నిసార్లు నింపాలి?”

“ఇప్పటి డిస్కులకు ఒక్కసారి చాలు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ కూడా అదే చెబుతుంది. 1996లో పీటర్ గుట్‌మన్ అనే ఆయన ముప్పై అయిదు సార్లు అని రాశాడు గానీ, అది అప్పటి రకరకాల డిస్కులన్నింటినీ కలిపి వేసిన లెక్క. ఇప్పటివాటికి అక్కర్లేదని తర్వాత ఆయనే అన్నాడు.”

షావుకారు కాసేపు ఆలోచించాడు. “ఎన్నిసార్లకైనా రేటు ఒకటేనా?”

సర్వీసాయన ఒకటేనంటే ముప్పై అయిదూ చేయించేవాడే. రెండు రోజులకు పైగా కొట్లోనే కూర్చోవాలని, కూర్చున్నందుకు వేరే ఇవ్వాలని చెప్పాక మూడుసార్లకు దిగాడు. పదిహేను వందలకు బేరం తెగింది. ఆ రాత్రంతా డబ్బా గురకపెడుతూ సున్నాలు రాసుకుంది. తెల్లవారి సర్వీసాయన విండోస్ వేసి, అదే రికవరీ సాఫ్ట్‌వేరు మళ్లీ నడిపి చూపించాడు. ఏమీ దొరకలేదు.

“ఈ లెక్క కాపీ ఇంకెక్కడైనా ఉందా? పెన్‌డ్రైవు, మెయిలు, ఫోను, గూగుల్ డ్రైవు? వాట్సాప్‌లో ఎవరికైనా పంపారా? బ్రౌజర్లో పాస్‌వర్డులు దాచారా?”

ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నారు. ఒక పెన్‌డ్రైవు బయటపడింది. షావుకారు దాన్ని కొట్టు గడప మీద పెట్టి తూకపు గుండుతో పొడిపొడి చేశాడు. మెయిల్లో ఏమీ లేదు. ఫోనులో రెండు ఫోటోలు, తీసేశారు. కాగితం సంగతి ఎవరూ ఎత్తలేదు. కంప్యూటరాయన కంప్యూటరు గురించే అడుగుతాడు గదా.

పదిహేను వందలు లెక్కపెట్టి ఇచ్చి షావుకారు హాయిగా వెనక్కి వాలాడు. గుమస్తా మెల్లిగా కదిలాడు.

“మిషను తుడవడానికి పదిహేను వందలు ఇచ్చారు గదండీ, నా మామూలు కూడా...”

“అది అవసరమయ్యా, నీది ఆశ,” అన్నాడు షావుకారు. ఆపైన తన మాట తనకే ముద్దొచ్చి, “నీ బుర్రను కూడా ఇట్టా ముమ్మారు తుడిచే మిషనుంటే ఎంతైనా పెట్టి తుడిపిద్దును!” అన్నాడు. హమాలీలు నవ్వారు. సర్వీసాయన నవ్వాడు. గుమస్తా కూడా నవ్వాడు.

పాత కంప్యూటరు కొనేవాళ్లను తెచ్చింది కూడా గుమస్తానే. దర్శి పక్కన ఒక పల్లెలో ఈ కొట్టుకు కాయ తెచ్చే రైతు ఉన్నాడు. ఆయన కూతురు ఒంగోల్లో డిగ్రీ కంప్యూటర్స్ చదివి ఇంటికొచ్చింది. ఊళ్లోనే చిన్న నెట్ సెంటరు పెడతానంటోంది. పీఎం కిసాన్ ఈ-కేవైసీలు, పంట బీమా దరఖాస్తులు, హాల్ టికెట్లు, కరెంటు బిల్లులు. ఇప్పుడు వాటన్నిటికీ ఊరు ఊరంతా దర్శికి పోవాల్సి వస్తోంది. పాత మిషనొకటి అమ్మకానికుందని గుమస్తా ఫోను చేసి చెప్పాడు. మొంథా తుపాను వెళ్లిపోయిన వారానికి, నవంబరు మొదట్లో, తండ్రీ కూతుళ్లు గుంటూరు వచ్చారు. తండ్రి చెప్పులు గడప బయట వదిలి, కొట్లోకి వచ్చినప్పుడల్లా కూర్చునే చోటే, కాటా పక్కన కూర్చున్నాడు.

అమ్మాయి మాత్రం తిన్నగా మిషను దగ్గరికి పోయింది. మీటలు నొక్కి చూసింది, మోత విన్నది, డిస్కు ఆరోగ్యం చూసింది.

“డేటా అంతా తుడిచేశారా అండీ? మీ పాత లెక్కలు నా దగ్గరుంటే రేపు మీకూ నాకూ ఇబ్బంది.”

షావుకారు మీసం దువ్వాడు. “మూడుసార్లు తుడిపించానమ్మాయ్! నువ్వు చదువుకున్నదానివిగా, ఇంటికి తీసుకుపోయి ఎంతైనా వెతుక్కో. నా కొట్టు లెక్క ఒక్కటి దొరికిందా, మిషను నీకు ఊరికే ఇచ్చేస్తా. మీ నాన్న ముందే చెబుతున్నా!”

రేటు పదివేలు. తండ్రి పంచె అంచున ముడి విప్పబోయాడు. షావుకారు వారించాడు.

“డబ్బుకేం తొందర? తుపాను దెబ్బ తిని ఉన్నారు. ఫిబ్రవరిలో కాయ తెస్తారుగా, పట్టీలో కోసుకుంటాలే. నూటికి రెండే. నెల నిండినా నిండకపోయినా నెల కిందే లెక్క, అది మీకు తెలిసిందేగా.”

తండ్రి దండం పెట్టాడు. బాకీ ఉన్న రైతు వేరే కొట్టు గడప తొక్కడని షావుకారుకు తెలుసు. పదివేల రూపాయల పాత సామానుతో వచ్చే సీజను కాయంతా కట్టేసుకున్నాడు.

“దీన్ని బాగా పార్సెల్ చేయించవయ్యా,” అని గుమస్తాకు పురమాయించాడు. “గతుకుల రోడ్డు. మానిటరు పగిలితే మనల్నే అంటారు. థర్మాకోలు కొనేవు, అటక మీద చిత్తు కాగితాలు ఉన్నాయిగా, కూరు.”

గుమస్తా నిచ్చెన వేశాడు. సగం ఎక్కి ఆగాడు.

“ఏ ఊరమ్మా మీది? ఏళ్లుగా చూస్తున్నా, నాన్న పేరే గానీ ఊరి పేరు నోట్లో ఆడటం లేదు.”

అమ్మాయి ఊరి పేరు చెప్పింది. ఎనిమిదేళ్లుగా చీటీ మీద ఆ ఊరి పేరు రాసిన మనిషి, కొత్తగా విన్నట్టు తల ఊపి పైకెక్కాడు. అటక మీద చాలాసేపు వెతికాడు. దుమ్ము రాలుతుంటే “కాగితం కాగితమేగా, ఏదో ఒకటి లాగి పడెయ్యి!” అని షావుకారు కిందినుంచి కసిరాడు. గుమస్తా దిగి వచ్చి, కాగితాలు ఉండలు చుట్టకుండా, ఒక్కొక్క దొంతిని చక్కగా మడిచి మానిటరు చుట్టూ సర్దాడు. పైన ప్లాస్టిక్ గోతం తొడిగి, పురికొసతో బిగించాడు. వాన పడినా చుక్క నీరు లోపలికి పోదు.

డిసెంబరు మొదటి సోమవారం అమ్మాయి మళ్లీ వచ్చింది. ఈసారి తండ్రి లేడు. కొట్లో షావుకారు, గుమస్తా, నలుగురు హమాలీలు, పల్నాడు నుంచి ఏసీ సరుకు అమ్ముకోవడానికొచ్చిన ఇద్దరు రైతులు ఉన్నారు.

“రామ్మా! మిషను బాగా నడుస్తోందా?”

“బ్రహ్మాండంగా ఉందండీ. బాకీ తీర్చేద్దామని వచ్చాను. ఫిబ్రవరి దాకా ఎందుకు?” ప్రింటు తీసిన కాగితం ఒకటి బల్ల మీద పెట్టింది.

షావుకారు కళ్లజోడు తగిలించుకుని పైకి చదివాడు.

“కంప్యూటరు ఖరీదు 10,000. నవంబరు నెల వడ్డీ, నూటికి 2 చొప్పున, 200. మొత్తం బాకీ 10,200.” ఆయన మొహం వికసించింది. “చూశావయ్యా గుమస్తా, చదువంటే ఇదీ! వడ్డీ మనం అడక్కముందే వేసుకొచ్చింది.”

“కిందది కూడా చదవండి.”

“2022 మార్చి ఆఖరు. తేజ. 20 టిక్కీలు. కాటా 880 కిలోలు. పట్టీ...” గొంతు తగ్గింది. “పట్టీ 850 కిలోలు. తేడా...”

అక్కడితో ఆగిపోయాడు. మిగతాది అమ్మాయే చెప్పింది, కాగితం చూడకుండా.

“తేడా 30 కిలోలు. క్వింటాలు 18,000 లెక్కన 5,400. నల్ల తామర తిన్న ఏడాది. మూడెకరాలకూ కలిపి మాకు దక్కింది ఆ ఇరవై టిక్కీలే. నవంబరు ఆఖరుకు 44 నెలలు. నూటికి 2 చొప్పున వడ్డీ 4,752. మొత్తం 10,152. మా బాకీలోంచి తీసేస్తే మేం మీకివ్వాల్సింది 48 రూపాయలు.”

యాభై రూపాయల నోటు ఒకటి కాగితం మీద పెట్టింది.

“అబద్ధం!” షావుకారు కుర్చీలోంచి లేచాడు. “మూడుసార్లు తుడిపించాను! ఇంకా దాంట్లో ఆ లెక్క ఎట్టా ఉంటది?”

ఆ మాట అన్నాకగానీ అన్నానని ఆయనకు తెలియలేదు. పల్నాడు రైతులు ఇద్దరూ మొహమొహాలు చూసుకుని, కాటా మీదున్న తమ టిక్కీ వైపు తిరిగారు.

“మిషన్లో ఏమీ లేదండీ,” అంది అమ్మాయి. “మీరన్నట్టే వెతికాను, శుభ్రంగా ఉంది. ఇవి మానిటరు చుట్టూ ఉన్నాయి.” సంచీలోంచి ఒక చీటీ తీసి చూపించింది. ఎడమవైపు కాటా, కుడివైపు పట్టీ, పైన ఆమె తండ్రి పేరు. “లెక్క దొరికితే మిషను ఊరికే ఇస్తానన్నారు. ఊరికే వద్దు. మీ వడ్డీ మీకే వేసి, లెక్క ప్రకారం తీసుకుంటున్నాను.”

షావుకారు గిర్రున గుమస్తా వైపు తిరిగాడు. “అన్ని ఊళ్ల కట్టలుండగా, వీళ్ల ఊరి కట్టే దొరికిందా నీకు?”

“కాగితం కాగితమేగా, ఏదో ఒకటి లాగమన్నారు గదండీ,” అన్నాడు గుమస్తా.

షావుకారు ఆ చీటీని అమ్మాయి చేతిలోంచి లాక్కుని పరపరా చింపేశాడు. నాలుగు ముక్కలు చేశాడు, ఎనిమిది చేశాడు. గుమస్తా వంగి ముక్కలు ఏరుతూ, ఎప్పుడూ కాటా దగ్గర అంకెలు పాడే గొంతుతోనే అన్నాడు:

“చింపితే ఏం లాభమండీ? అది జిరాక్సు. పైగా కంప్యూటర్లోకి ఎక్కాక కాగితం చిత్తేనని తమరే అన్నారు.”

అమ్మాయి గడియారం చూసుకుంది.

“ఆ రెండు రూపాయల చిల్లర కాస్త తొందరగా ఇప్పించండి షావుకారు గారూ. బయట ట్రాలీ ఆటోలో మా ఊరివాళ్లు ఇంకో పదిహేడు మంది ఉన్నారు. వాళ్లెవరికీ మీరు కంప్యూటరు బాకీ ఇవ్వలేదు, అందరికీ రొక్కమే ఇవ్వాల్సి ఉంటుంది.”